పిల్లల కొలెస్ట్రాల్ పరీక్షను డాక్టరుకు గుర్తుచేసే అలర్ట్: ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచి చివరి దాకా ఎలా పెట్టుకోవాలి

అనంతపురంలో ఒక పిల్లల ఆసుపత్రిలో కంప్యూటర్ రికార్డులు చూసుకునే పని నాది. నేను డాక్టర్ని కాను. వైద్యం గురించి ఇక్కడ రాసేదంతా మా డాక్టర్లు కూర్చోబెట్టి చెప్పింది, గైడ్‌లైన్స్ చదివి వాళ్లతో సరిచూసుకున్నది. అలర్ట్ ఎక్కడ పెట్టాలి, ఎవరికి చూపించాలి, అందులో ఏ మాట రాయాలి అన్నది మాత్రం మేం చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నది.

దీనంతటికీ కారణం ఒక అబ్బాయి. ఐదో తరగతి, బక్కగా ఉంటాడు. మా రికార్డులో అప్పటికే నాలుగుసార్లు ఉన్నాడు: రెండుసార్లు జ్వరం, ఒకసారి దగ్గు, ఒకసారి హాస్టల్‌కు ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ప్రతిసారీ బరువు, ఎత్తు శ్రద్ధగా రాశారు. ఐదోసారి పదేళ్ల టీడీ టీకాకు (ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేది) వచ్చినప్పుడు సిస్టర్ మాటవరసకు "నాన్న రాలేదా?" అని అడిగింది. "ఆయన పోయి రెండేండ్లాయ సిస్టర్, చేనుకు నీళ్లు కడతా కడతా అట్లే కూలబడిపోయినాడు, ముప్పై తొమ్మిదేండ్లకే" అంది వాళ్లమ్మ. డాక్టరు ఆ మాట విని లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొలెస్ట్రాల్, కొవ్వులు చూసే పరీక్ష రాశారు. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 212 వచ్చింది. పిల్లలకు 130 నుంచే ఎక్కువ కింద లెక్క. చెల్లెలికి చేస్తే 198. ఆ ఒక్క ప్రశ్న అంతకుముందు నాలుగుసార్లలో ఎప్పుడైనా అడగొచ్చు, కానీ బయట వంద టోకెన్లు ఎదురుచూస్తుంటే ఎంత మంచి డాక్టరుకైనా గుర్తుకు రాదు. గుర్తుచేయడం కంప్యూటర్ పని, ఆ పని మేం దానికి అప్పజెప్పలేదు.

పిల్లలకు కొలెస్ట్రాల్ ఏంటి అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. పుట్టుకతోనే రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే జబ్బు ఒకటుంది, దాన్ని ఫ్యామిలియల్ హైపర్‌కొలెస్టెరొలీమియా అంటారు, సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. నూనె ఎక్కువ తిన్నందుకు వచ్చేది కాదు. పిల్లవాడు బక్కగా ఉండొచ్చు, ఆటల్లో ముందుండొచ్చు, పైకి ఏమీ తెలియదు, రక్తం తీస్తేనే తెలుస్తుంది. తెలిస్తే మాత్రం చేయడానికి చాలా ఉంది.

1. కంప్యూటర్ ముట్టుకునే ముందు, ఎవరికి పరీక్ష చేయాలో డాక్టర్లతో కాగితం మీద రాయించుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి దూకితే తర్వాత ప్రతి అలర్ట్ దగ్గరా గొడవే. డాక్టర్లందరూ ఒక గంట కూర్చుని ఒప్పుకున్న రూల్ ఉండాలి.

ఎక్కువ మంది ఆధారంగా తీసుకునేది అమెరికాలో 2011లో వచ్చిన నిపుణుల కమిటీ గైడ్‌లైన్స్‌ను, వాటిని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం కూడా సమర్థించింది. దాని ప్రకారం 9 నుంచి 11 ఏళ్ల మధ్య అందరికీ ఒకసారి, 17 నుంచి 21 మధ్య మరోసారి పరీక్ష చేయాలి. మధ్యలో ఎందుకు వద్దంటే, యుక్తవయసు వచ్చేటప్పుడు కొలెస్ట్రాల్ తనంతట తానే 10 నుంచి 20 శాతం దాకా తగ్గుతుంది, అప్పుడు చూస్తే ఉన్నది కూడా లేనట్టు కనిపించొచ్చు. ఈ వయసుల్లో కాకుండా 2 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి ఎప్పుడైనా చేయాల్సిన పిల్లలు వేరే ఉన్నారు: దగ్గరి బంధువుల్లో మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు గుండెపోటో పక్షవాతమో స్టెంటో బైపాసో ఉన్నవాళ్లు, తల్లికో తండ్రికో కొలెస్ట్రాల్ 240 దాటినవాళ్లు, షుగర్, బీపీ, బాగా ఎక్కువ బరువు ఉన్న పిల్లలు.

ఇంకో వైపు కూడా డాక్టర్లకు చెప్పాలి. అమెరికాలోనే ముందస్తు పరీక్షల మీద సలహా ఇచ్చే మరో టాస్క్ ఫోర్స్ 2023లో ఏమందంటే, ఏ లక్షణమూ లేని 20 ఏళ్లలోపు వాళ్లందరికీ ఈ పరీక్ష చేయాలనో వద్దనో తేల్చడానికి ఆధారాలు చాలవు అని. చేయొద్దని చెప్పలేదు, చాలవని చెప్పింది. కుటుంబ చరిత్ర ఒక్కటే చూసుకుంటూ పోతే కొలెస్ట్రాల్ తేడా ఉన్న పిల్లల్లో 30 నుంచి 60 శాతం మంది జారిపోతారని 2011 కమిటీ లెక్క చూపించింది. ఈ రెండూ పెట్టుకుని మేం రెండు రూల్స్ చేసుకున్నాం: కుటుంబంలో చిన్న వయసు గుండెజబ్బు ఉంటే గట్టి అలర్ట్, ఏమీ లేకుండా 9-11 వయసు మాత్రమే అయితే పక్కన చిన్న గుర్తు. మొదలుపెట్టేవాళ్లకు ఇదే మంచి దారి అని నా నమ్మకం. ఒకేసారి అందరికీ గట్టి అలర్ట్ పెట్టకండి.

2. కుటుంబ చరిత్ర ప్రశ్నను మన మాటల్లో రాయండి

నన్నడిగితే మొత్తం పనిలో అసలు మెట్టు ఇదే, అందరూ తేలిగ్గా దాటేసేదీ ఇదే. సాఫ్ట్‌వేర్‌లో "ఫ్యామిలీ హిస్టరీ" అని ఒక ఖాళీ గడి ఉంటుంది, అందులో అందరూ "ఏమీ లేదు" అని కొట్టి ముందుకెళ్తారు. ఖాళీ గడిని కంప్యూటర్ చదివి అలర్ట్ ఇవ్వలేదు. అది అవును-కాదు ప్రశ్నలుగా ఉండాలి, పక్కన ఎవరికి, ఎన్నేళ్లకు అన్న రెండు గళ్లు ఉండాలి.

మాటలు చూడండి. మేం మొదట "కుటుంబంలో ఎవరికైనా హృద్రోగం ఉందా?" అని పెట్టాం. అందరూ లేదన్నారు. చేను మీద కూలబడి పోయినవాడికి హృద్రోగం అని ఎవరూ పేరు పెట్టలేదు కదా, ఆసుపత్రికి తీసుకుపోయే లోపే పోయాడు. అప్పుడు మా సిస్టర్లే మార్చారు. ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నవి ఇవి:

"ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే ఉన్నట్టుండి చనిపోయారా? నిద్రలో గానీ, పని చేస్తూ గానీ?"

"ఎవరికైనా గుండెకు స్టెంట్ వేశారా, బెలూన్ వేశారా, ఆపరేషన్ చేశారా?"

"అమ్మానాన్నల్లో ఎవరైనా కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటున్నారా?"

ఎవరికి అన్నచోట నాన్న, అమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామ, చిన్నాన్న, పెదనాన్న, మేనత్త, పిన్ని, పెద్దమ్మ, తండ్రివైపు అబ్బ (తాత), జేజి (నాన్నమ్మ), తల్లివైపు అబ్బ, అవ్వ (అమ్మమ్మ) అని విడివిడిగా పెట్టండి. "తాత" అని పెడితే మా వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఒక్కోసారి ఆగి ఆలోచిస్తారు, "అబ్బకు ఏమన్నా ఉన్నిందా?" అంటే టక్కున చెప్తారు. వయసు తెలియకపోతే "మగవాళ్లైతే 55, ఆడవాళ్లైతే 65 లోపు లాగా ఉందా" అని ఒక గుర్తు చాలు. పిల్లాడితో వచ్చింది జేజి అయితే వదలకండి, ఆమెకు తెలిసినంత ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

మన దగ్గర ఇంకో ప్రశ్న తప్పకుండా ఉండాలి: అమ్మానాన్నలది మేనరికమా? రాయలసీమలో మేనమామకు ఇవ్వడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం ఎంత మామూలో మనకు తెలుసు. ఈ జన్యువు ఒక వంశంలో ఉంటే అక్కడ మేనరికంలో ఇద్దరికీ ఉండే అవకాశం పెరుగుతుంది, ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం రెండు వైపుల నుంచీ రావడానికి. అలా వస్తే ఎల్‌డీఎల్ చాలా ఎక్కువ స్థాయికి పోతుంది, చిన్న పిల్లలుగా ఉండగానే గుండె రక్తనాళాలు మూసుకుపోవచ్చు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, మడమ వెనక నరం మీద పసుపుపచ్చ గడ్డలు వస్తాయి. వాటిని పులిపిర్లు అనుకుని ఆకుపసరు రాసేవాళ్లూ ఉంటారు. అందుకే ప్రశ్నల కింద "మోచేతి మీద, మడమ మీద పసుపు గడ్డలు" అని ఇంకో టిక్కు పెట్టాం. అది పడితే ఏ వయసైనా, ఏ జ్వరమైనా అలర్ట్ వస్తుంది.

3. ల్యాబ్ రిపోర్టులో పెద్దవాళ్ల రేంజ్ ఉంటే ముందు దాన్ని మార్పించండి

మీ ల్యాబ్ ఇచ్చిన ఒక పిల్లాడి లిపిడ్ రిపోర్టు తీసి ఇప్పుడే చూడండి. "200 లోపు నార్మల్" అని అచ్చై ఉందా? అది పెద్దవాళ్లది. పిల్లలకు మొత్తం కొలెస్ట్రాల్ 170 లోపు ఉండాలి, 200 దాటితే ఎక్కువ. ఎల్‌డీఎల్ 110 లోపు మంచిది, 130 నుంచి ఎక్కువ. హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్, 40 కంటే తగ్గకూడదు. నాన్-హెచ్‌డీఎల్, అంటే మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది, 120 లోపు ఉండాలి, 145 నుంచి ఎక్కువ. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, 9 ఏళ్ల దాకా 100 దాటకూడదు, 10 నుంచి 130 దాటకూడదు. ఇవన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో.

తేడా ఎంతుంటుందో ఒక్క ట్రైగ్లిజరైడ్లలో చూడండి. 2016-18లో కేంద్రం చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 5-9 ఏళ్ల పిల్లల్లో 34 శాతం మందికి అవి ఎక్కువ ఉన్నట్టు తేలింది. పెద్దవాళ్ల 150 గీత పెట్టి అచ్చేసిన రిపోర్టులో 140 వచ్చిన ఏడేళ్ల పాప పక్కన ఏ గుర్తూ ఉండదు. తల్లి రిపోర్టు చూసుకుని సంతోషంగా ఇంటికి పోతుంది.

ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో వయసును బట్టి రేంజ్ పెట్టే అవకాశం దాదాపు అన్నిటిలో ఉంటుంది, ఎవరూ నింపరంతే. నాన్-హెచ్‌డీఎల్ తనంతట తానే లెక్కవేసి అచ్చయ్యేలా పెట్టించండి. ల్యాబ్ వేరు, రికార్డు వేరు సాఫ్ట్‌వేర్లైతే ఒక్కో పరీక్షకు అంతర్జాతీయ లోయింక్ కోడ్ (ల్యాబ్ పరీక్షలను ఎక్కడైనా ఒకేలా గుర్తుపట్టే నంబరు) కట్టించండి, మొత్తం కొలెస్ట్రాల్‌కు 2093-3, హెచ్‌డీఎల్‌కు 2085-9. లేకపోతే "కొలెస్ట్రాల్", "టోటల్ కొల్", "సీరం కొలెస్ట్రాల్" అని మూడు పేర్లతో పడి, పరీక్ష అయినా కాలేదని అలర్ట్ వస్తూనే ఉంటుంది. పుట్టిన తేదీ కూడా చూసుకోండి, చాలా ఓపీ చీటీల్లో వయసు మాత్రమే ఉంటుంది. వయసు ఏడాదికి మారుతుంది, తేదీ మారదు.

4. అలర్ట్ ఎప్పుడు రావాలి, ఎవరికి రావాలి

మా మొదటి తప్పు ఇక్కడే. 9-11 మధ్య వయసున్న ప్రతి పిల్లాడికీ, ఎందుకొచ్చినా సరే, డాక్టరు స్క్రీన్ మధ్యలో పెద్ద పెట్టె వచ్చేలా పెట్టాం. అది డెంగీ సీజన్. ప్లేట్‌లెట్లు చూసి టెన్షన్ పడుతున్న డాక్టరు ముందు కొలెస్ట్రాల్ పెట్టె. పది రోజుల్లో అందరి వేళ్లకూ దాన్ని మూయడం అలవాటైపోయింది, కళ్లు చదవడం మానేశాయి. మందుల జాగ్రత్త అలర్ట్‌ల మీద 2006లో వచ్చిన ఒక సమీక్షలో డాక్టర్లు 49 నుంచి 96 శాతం దాకా పక్కకు నెట్టేస్తున్నారని ఉంది. అది డాక్టర్ల తప్పు కాదు, సంబంధం లేని సమయంలో అరిచే అలర్ట్‌ది.

పైగా జ్వరంలో ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకూడదు కూడా. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే కొలెస్ట్రాల్ తగ్గి, ట్రైగ్లిజరైడ్లు పెరిగి కనిపిస్తాయి. మామూలు జ్వరమైతే తగ్గాక మూడు వారాలు ఆగాలి.

ఇప్పుడు మాది ఇలా నడుస్తోంది. మొదట సిస్టర్ దగ్గర, బరువు ఎత్తు చూసే బల్ల దగ్గర, ప్రశ్నలు వస్తాయి. ఆమె దగ్గర రెండు నిమిషాలుంటాయి, తల్లి కూడా అక్కడ తొందరలో ఉండదు. జవాబుల్లో ఏదైనా అవును పడితేనే డాక్టరు స్క్రీన్ మీద అలర్ట్ వస్తుంది. వచ్చిన పని టీకా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, రివ్యూ, బరువు సమస్య అయితేనే. పసుపు గడ్డల టిక్కు పడితే తప్ప, టెంపరేచర్ ఎక్కువ ఉన్నా, క్యాజువాలిటీలో ఉన్నా, అడ్మిట్ అయి ఉన్నా రాదు, బదులు పేరు "తర్వాత పిలవాలి" జాబితాలోకి పోతుంది.

టీకాల రోజుల్ని బాగా వాడుకోండి. జాతీయ టీకాల పట్టికలో టీడీ 10 ఏళ్లకు, 16 ఏళ్లకు ఉంది, మొదటిది సరిగ్గా 9-11 మధ్యలో పడుతుంది. ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసేది) కూడా 9 ఏళ్ల నుంచి వేయించొచ్చు. జబ్బు లేకుండా పిల్లాడు ఆసుపత్రికి వచ్చే రోజులు మన దగ్గర ఇవే, జూన్‌లో హాస్టల్ సర్టిఫికెట్ల రోజులు ఇంకొన్ని.

5. అలర్ట్‌లో ఏం రాయాలి

రెండు లైన్లు, అంతే. మాదాంట్లో ఇలా కనిపిస్తుంది: "వయసు 10. మేనమామకు 44 ఏళ్లకు స్టెంట్. లిపిడ్ పరీక్ష ఇంతవరకు లేదు." కింద మూడు బటన్లు: "పరీక్ష రాయి", "ఈరోజు కాదు", "అవసరం లేదు". మొదటిది నొక్కితే ఆర్డర్ ల్యాబ్‌కూ బిల్లింగ్‌కూ ఒకేసారి పోవాలి, డాక్టరు ఇంకో స్క్రీన్ తెరవాల్సి వస్తే ఆ పని జరగదు. రెండోది నొక్కితే మూడు వారాలు నోరెత్తకూడదు. మూడోదానికి కారణం ఒకటి ఎంచుకోవాలి: బయట చేయించారు, తల్లిదండ్రులు వద్దన్నారు, వైద్య కారణం. "ఓకే" అనే బటన్ పెట్టకండి, దానికి అర్థం లేదు.

బయట చేయించారంటే ఆ కాగితంలోని అంకెలు ఎక్కించడానికి అక్కడే గడి రావాలి. ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) ఉండి కుటుంబం ఒప్పుకుంటే, 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ద్వారా వేరే చోటి రిపోర్టు కూడా తెప్పించుకోవచ్చు.

పరగడుపున రావాలా అన్నది ఇక్కడే తేల్చుకోండి. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు నుంచి బస్సులో వచ్చే పిల్లాడు పొద్దున్నే ఉగ్గాని తినే బయల్దేరతాడు. రేపు పరగడుపున రమ్మంటే సగం మంది మళ్లీ రారు. నాన్-హెచ్‌డీఎల్‌కు పరగడుపు అక్కర్లేదు, తిన్నా చూడొచ్చు, అందుకే అలర్ట్‌లోంచి వెళ్లే ఆర్డర్ తిన్నాక చేసేదే పెట్టాం. తేడా వస్తేనే పరగడుపున మళ్లీ.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి రూల్స్ రాసే వీల్లేకపోతే అమ్మిన కంపెనీని అడగండి. ఉచితంగా దొరికే ఓపెన్‌ఎంఆర్‌ఎస్, బాహ్మిని లాంటివి వాడేవాళ్లు సొంతంగా ఫారాలు, ప్రశ్నలు చేర్చుకోగలరు. అసలు కంప్యూటరే లేకపోతే ఆ మూడు ప్రశ్నలతో ఒక రబ్బరు స్టాంపు చేయించి టీకా రోజున ఓపీ చీటీ మీద కొట్టండి, అదీ అలర్టే.

6. ముందు రెండు వారాలు ఎవరికీ కనపడకుండా నడపండి

అలర్ట్ ఎవరికి వచ్చేదో వెనక రాసుకుంటుంది, స్క్రీన్ మీద రాదు. రోజూ సాయంత్రం ఆ జాబితా డాక్టరుతో కూర్చుని చూడండి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బుతో స్టెరాయిడ్ వాడుతున్న పిల్లలు మా జాబితాలో వచ్చారు, వాళ్లకు ఆ జబ్బు వల్లే కొలెస్ట్రాల్ పెరుగుతుంది కాబట్టి వేరే దారి చూడాలి. అలాంటివన్నీ ఇక్కడే తీసేయొచ్చు.

7. రిపోర్టు వచ్చాక దాన్ని పట్టుకునే మనిషి ఉండాలి

పరీక్ష రాయించడం వరకే అలర్ట్ పెట్టి వదిలేస్తే సగం పనే. ఆర్డర్ పడి వారంలో శాంపిల్ రాకపోతే ఫోన్ చేసే జాబితాలో పడాలి. నాన్-హెచ్‌డీఎల్ 145 లేదా అంతకంటే ఎక్కువ, లేదా హెచ్‌డీఎల్ 40 లోపు వస్తే రిపోర్టు డాక్టరుకు విడిగా కనిపించాలి, ఆయన చూశానని నొక్కే దాకా పోకూడదు. అప్పుడు పరగడుపున రెండుసార్లు చేయాలి, రెండింటికీ మధ్య కనీసం రెండు వారాలు, మూడు నెలలు దాటకుండా, సగటు తీసుకోవాలి. థైరాయిడ్, కిడ్నీ, షుగర్ తేడాలున్నాయేమో డాక్టరు చూస్తారు.

ఎల్‌డీఎల్ 190 దాటినా, కుటుంబ చరిత్ర ఉండి 160 దాటినా వంశపారంపర్యమని అనుమానించాలి. ఎల్‌డీఎల్ 250 గానీ, ట్రైగ్లిజరైడ్లు 500 గానీ అయితే ఆగకుండా స్పెషలిస్టు దగ్గరికి పంపాలి. మాత్రలు మామూలుగా 10 ఏళ్లు దాటాకే, అది కూడా ఆరు నెలలు తిండి, ఆటల మార్పులు చూశాకే ఆలోచిస్తారు, ఆ నిర్ణయం డాక్టరుది. మీరు రాసే ఏ మెసేజ్‌లోనూ మందు పేరు రాకూడదు.

తల్లికి వెళ్లే మెసేజ్ మాట కూడా చూసుకోండి. "మీ అబ్బాయి రిపోర్టు అసాధారణం" అని పంపితే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. "రిపోర్టు గురించి డాక్టరు గారు మీతో మాట్లాడాలనుకుంటున్నారు, ఈ వారంలో రండి, భయపడాల్సిన తొందరేం లేదు" అని మేం రాస్తాం, ఎవరో ఒకరు ఫోన్ కూడా చేస్తారు. 250, 500 దాటినవాళ్లకు మాత్రం మెసేజ్ పంపం, అదే రోజు ఫోన్ చేసి పిలుస్తాం.

8. ఒక బిడ్డ దొరికితే ఇల్లంతా చూడాలి, గుట్టుగా చూడాలి

ఒక పిల్లాడిలో ఇది తేలితే అమ్మానాన్న, తోబుట్టువులు అందరికీ పరీక్ష చేయాలి. అలర్ట్ ఆ పిల్లాడి రికార్డులో ఆగిపోకుండా, అదే ఫోన్ నంబరు మీదున్న తోబుట్టువుల రికార్డుల్లోకీ పోయేలా పెట్టండి. పెద్దాసుపత్రి అయి గుండె విభాగం కూడా ఉంటే తిరగేసిన అలర్ట్ ఒకటి పెట్టొచ్చు: 55 లోపు (ఆడవాళ్లైతే 65 లోపు) స్టెంట్ పడిన ప్రతి పేషెంటు డిశ్చార్జ్ కాగితంలో "మీ పిల్లలకు కొలెస్ట్రాల్ చూపించండి" అన్న ఒక్క లైను.

గుట్టు గురించి తేలిగ్గా తీసుకోవద్దు. ఒక తల్లి తన కూతురి రిపోర్టు చేతిలో పట్టుకుని "ఇది చీటీలో రాయొద్దు సార్, రేపు సంబంధం చూసేటప్పుడు బయటపడితే?" అని అడిగింది. ఆ భయం నిజం. అందుకే మేనరికం, కుటుంబ చరిత్ర జవాబులు ఓపీ చీటీ మీద, బిల్లు మీద అచ్చవ్వవు, రిసెప్షన్ స్క్రీన్ మీద కనపడవు, డాక్టరూ ఆ సిస్టరూ మాత్రమే చూడగలరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో కూడా 18 లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల ఒప్పుదల మీద ప్రత్యేకమైన నిబంధనలున్నాయి. ప్రశ్న అడిగే ముందే ఎందుకు అడుగుతున్నామో రెండు ముక్కల్లో చెప్పండి.

9. నెలకోసారి ఐదు అంకెలు చూడండి

అర్హత ఉన్న పిల్లలు ఎంతమంది వచ్చారు, ప్రశ్నలు ఎంతమందిని అడిగారు, ఎంతమందికి పరీక్ష రాశారు, శాంపిల్ ఎంతమంది ఇచ్చారు, తేడా వచ్చినవాళ్లలో మళ్లీ ఎంతమంది వచ్చారు. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోయిందో అక్కడికే వెళ్లి చూడండి. మాకు నాలుగో అంకె దగ్గర పడిపోయింది. వెళ్లి చూస్తే, ల్యాబ్‌లో శాంపిల్ తీసే కౌంటరు మధ్యాహ్నం ఒంటిగంటకే మూస్తున్నారు, ఊర్ల నుంచి వచ్చినవాళ్ల టోకెను డాక్టరు దాకా వచ్చేసరికి అది మూసేసి ఉంటోంది. సాఫ్ట్‌వేర్‌లో ఏమీ మార్చలేదు, టీకా రోజుల్లో కౌంటరు మూడింటిదాకా తెరిచి ఉంచారు.

అలర్ట్ స్క్రీన్ మీదికి తెచ్చిన మొదటి రోజు ఓపీ మొదలయ్యే ముందే సిస్టర్ బల్ల పక్కన ఒక కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చోండి. స్క్రీన్ మీద ఉన్న ప్రశ్నను ఆమె తల్లిని అడిగేటప్పుడు ఏ మాట మార్చి అడుగుతోందో వినండి. సాయంత్రానికి స్క్రీన్ మీద ఆ మాటే పెట్టండి.